చిల్లు మూసుకోలేదు, చప్పుడే తగ్గింది: ఒక వీఎస్‌డీ కేసు

పాపకి వీఎస్‌డీ, అంటే గుండె కింది గదుల (జఠరికల) మధ్య గోడలో పుట్టుకతో వచ్చిన చిల్లు. తొమ్మిదో నెలలో పాపని ఎత్తుకుని వాళ్లమ్మ నా గదిలోకి వచ్చినప్పుడు ఆవిడ మొహం వెలిగిపోతోంది. "ఇప్పుడు చెమటలు పట్టట్లేదు మేడమ్, పాలన్నీ తాగేస్తోంది, రాత్రిళ్లు హాయిగా పడుకుంటోంది. హోల్ మూసుకుపోయినట్టే కదా?" అంది. స్టెతస్కోప్ పెట్టి విన్నాను. రెండో నెలలో ఛాతీ అంతా వినిపించిన మర్మర్, అంటే రక్తం చిల్లు గుండా దూసుకుపోయే చప్పుడు, ఇప్పుడు సగం కూడా లేదు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, నాకూ అలాగే అనిపించింది. తర్వాత స్టెతస్కోప్ కొంచెం పైకి, రొమ్ము ఎముకకి ఎడమ పక్కన రెండో పక్కటెముకల సందు దగ్గరికి జరిపాను. అక్కడ గుండె రెండో చప్పుడు, రక్తం బయటికెళ్లే కవాటాలు మూసుకునే చప్పుడు, తలుపు దబాలున వేసినట్టు వినిపించింది. నా సంతోషం అక్కడితో సరి.

ఆ ఒక్క క్షణం కోసమే ఈ కేసు రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా చిన్న చిన్న వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

మొదటి నుంచి చెప్తాను. పాప నెలలు నిండి పుట్టింది, బరువు 2.9 కిలోలు. రెండో రోజు పరీక్షలో ఏ మర్మరూ లేదు, చేతికీ కాలికీ పెట్టి చూసిన ఆక్సిజన్ రీడింగ్ 98. ఇంటికి పంపేశారు. "అప్పుడే ఎందుకు చూడలేదు?" అని ఆ తర్వాత వాళ్లు నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. చూశారు, కానీ అప్పుడు వినపడదు. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరితిత్తులకి పనిలేదు, అక్కడి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి, పుట్టి గాలి పీల్చాక కూడా ఆ బిగువు ఒక్కరోజులో పూర్తిగా పోదు, ఆరు నుంచి ఎనిమిది వారాల మీద మెల్లగా సడలుతుంది. అప్పటిదాకా కుడి జఠరికలోనూ ఎడమ జఠరికలోనూ ఒత్తిడికి పెద్ద తేడా ఉండదు, మధ్య గోడలో ఎంత పెద్ద చిల్లున్నా రక్తం అంత జోరుగా పారదు, పారకపోతే చప్పుడూ లేదు. ఆక్సిజన్ రీడింగ్‌కీ ఇది దొరకదు, ఎందుకంటే మంచి రక్తం వెళ్లి చెడు రక్తంలో కలుస్తోంది తప్ప చెడు రక్తం ఒంట్లోకి రావట్లేదు. మంచి రక్తం, చెడు రక్తం అనే మాటలు మా పాఠ్యపుస్తకాలకి నచ్చవు గానీ తల్లిదండ్రులకి ఒక్కసారి చెబితే అర్థమవుతాయి, నేను అవే వాడతాను.

ఏడో వారంలో టీకాకి తీసుకెళ్తే అక్కడి పిల్లల డాక్టర్ మర్మర్ విని మా దగ్గరికి పంపారు. నేను "ఆయాసం ఉందా?" అని ఎప్పుడూ అడగను, అందరూ లేదనే అంటారు. "పాలు ఎలా తాగుతోందమ్మా?" అని అడుగుతాను. పెద్దవాళ్లకి మెట్లెక్కడం ఎంతో పసిబిడ్డకి పాలు తాగడం అంత, వాళ్లు చేసే పెద్ద వ్యాయామం అదే. ఆవిడ చెప్పింది, "ఐదు నిమిషాలు తాగుతుంది, వదిలేస్తుంది, రొప్పుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, అలాగే నిద్రపోతుంది, అరగంట తిరక్కుండా మళ్లీ ఆకలని ఏడుపు. తాగేటప్పుడు తల తడిసి ముద్దయిపోతుంది, నా మోచేతి మడత దగ్గర చీర కూడా తడిసిపోతుంది." ఇంత చక్కగా చెప్పాక ఎకో (గుండె స్కాన్) చేసేది చిల్లు ఎక్కడుందో, ఎంతుందో కొలవడానికే.

బరువు 3.3 కిలోలు. ఏడు వారాల్లో 400 గ్రాములు పెరిగింది, మామూలు బిడ్డ అది రెండు వారాల్లో పెరుగుతుంది. ఊపిరి నిమిషానికి 72, డొక్కలు ఎగరేస్తోంది, గుండె 165 కొట్టుకుంటోంది, కాలేయం పక్కటెముకల కింద 3 సెంటీమీటర్లు చేతికి తగులుతోంది. ఎక్స్‌రేలో గుండె పెద్దది, ఊపిరితిత్తుల నిండా రక్తనాళాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. ఎకోలో రెండు జఠరికల మధ్య గోడలో, బృహద్ధమని కవాటం కిందే, పెరిమెంబ్రేనస్ అనే చోట 7 మిల్లీమీటర్ల చిల్లు. ఏడు మిల్లీమీటర్లంటే పెద్దదా చిన్నదా అని చాలామంది అడుగుతారు. ఈ పాప బృహద్ధమని ముఖద్వారమే 7.5 మిల్లీమీటర్లు, అంటే గుండె నుంచి ఒంటికి వెళ్లే దారి ఎంత వెడల్పో దొంగదారి కూడా దాదాపు అంతే. అందుకే అదే 7 మిల్లీమీటర్లు ఒక పెద్దాయనలో ఉంటే నా మాట వేరేగా ఉంటుంది.

దానికంటే ముఖ్యమైనది చిల్లు గుండా రక్తం పోయే వేగం, 2.2 మీటర్లు సెకనుకి. వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తే రెండు వైపుల ఒత్తిడి తేడా వస్తుంది, సుమారు 19. పాప బీపీ పైఅంకె 80, కాబట్టి కుడి జఠరికలో, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల ధమనిలో 60 దాకా ఉంది. 20, 25 ఉండాల్సిన చోట 60. నిజంగా చిన్న చిల్లయితే ఈ వేగం 4, 5 మీటర్లు ఉంటుంది, మర్మర్ మోత మోగిపోతుంది, బిడ్డ మాత్రం బొద్దుగా ఆడుకుంటూ ఉంటుంది. గోడ కండరభాగంలో ఉండే చిన్న చిల్లులు చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి కూడా, వాటికి మందులూ అక్కర్లేదు, అలాంటి కుటుంబాలకి నేను చేసే వైద్యమల్లా టెన్షన్ తగ్గించడమే. ఈ పాప సంగతి వేరు.

మందులు మొదలుపెట్టాం: ఒంట్లో అదనపు నీరు తీసే ఫ్యూరోసెమైడ్ కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున రోజుకి రెండుసార్లు, స్పైరోనోలాక్టోన్, కొన్నాళ్లకి ఎనలాప్రిల్. ఇవి చిల్లుని మూసే మందులు కావు, మూసేలోపు బిడ్డని నిలబెట్టే మందులు. అసలు మందు పాలే. ఈ పిల్లలకి కిలోకి 140, 150 క్యాలరీలు కావాలి, తాగే ఓపిక చూస్తే అందులో సగానిది. తల్లిపాలు పిండి వాటికి క్యాలరీలు కలిపి, రాత్రిపూట సగం ముక్కు గొట్టం ద్వారా ఇచ్చాం. గొట్టం వేసిన రోజు ఆవిడ చాలా ఏడ్చింది, పాలు పట్టడం కూడా తనకి చేతకాలేదని. పన్నెండో రోజున బరువు కాటా మీద తేడా చూశాక గొట్టం మార్చడం తనే నేర్చుకుంది.

మూడు నెలలు దాటగానే ఆపరేషన్ అనుకున్నాం. అప్పటికి బరువు 4.4 కిలోలు. వారం ముందు జలుబుతో మొదలై బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల సన్న గొట్టాల వాపు) అయింది, పన్నెండు రోజులు ఆస్పత్రిలోనే. అక్కడ జరిగింది ఒకటి చెప్పాలి. రాత్రి డ్యూటీ డాక్టర్ రీడింగ్ 91 చూసి ఆక్సిజన్ బాగా పెంచారు, రీడింగ్ 99కి వెళ్లింది, పాప ఆయాసం మాత్రం ఎక్కువైంది. ఎవరైనా చేసే పనే అది. కానీ ఆక్సిజన్ ఊపిరితిత్తుల నాళాల్ని ఇంకా సడలిస్తుంది, సడలితే చిల్లు గుండా ఇంకా రక్తం అటే పోతుంది, ఊపిరితిత్తులు ఇంకా తడుస్తాయి. పొద్దున 93, 94 దగ్గర ఉంచితే చాలని తగ్గించాం. పెద్ద వీఎస్‌డీ ఉన్న బిడ్డకి ఆక్సిజన్ కూడా మోతాదు చూసుకుని ఇవ్వాల్సిన మందే.

కోలుకున్నాక ఆరు వారాలు ఆగి రమ్మన్నాం. రాలేదు. మా రిజిస్టర్‌లో తేదీ ఉంది, ఫోన్ చేయాల్సింది మేము, ఎవరూ చేయలేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే రాకపోవడంలో వింతేం లేదు. బిడ్డ రోజురోజుకీ బాగుపడుతోంది, చెమట తగ్గింది, ఆయాసం తగ్గింది, మందులు అయిపోతే మళ్లీ కొనలేదు, అయినా ఏం కాలేదు. బాగున్న పిల్లని తీసుకెళ్లి ఛాతీ కోయించాలని ఎవరికనిపిస్తుంది?

మళ్లీ ఆ తొమ్మిదో నెల దగ్గరికి వస్తాను. బరువు 6.6 కిలోలు, ఊపిరి 38, కాలేయం దాదాపు తగలట్లేదు. కాగితం మీద చూస్తే అన్నీ మంచి అంకెలే. ఆక్సిజన్ రీడింగ్ 94. రక్తం తీయడానికి సూది గుచ్చితే గుక్కపట్టి ఏడ్చింది, నేను మానిటర్ వైపే చూస్తున్నాను, 94, 91, 88, 86. పెదాల చుట్టూ రంగు మారింది. "ఏడిస్తే అలా అవుతుంది లెండి మేడమ్" అంది వాళ్లమ్మ, మామూలు విషయం చెప్పినట్టు.

ఎకోలో చిల్లు 8 మిల్లీమీటర్లు, మూసుకోవడం సంగతి అటుంచి గుండెతో పాటు అదీ కాస్త పెరిగింది. దాని గుండా రక్తం వేగం 1.2 మీటర్లకి పడిపోయింది, రంగుల్లో చూస్తే కాసేపు ఎడమ నుంచి కుడికి, కాసేపు కుడి నుంచి ఎడమకి. నా పక్కన ఉన్న జూనియర్ "మేడమ్, ఎడమ జఠరిక సైజు నార్మల్‌కి వచ్చింది, మంచిదేగా?" అన్నాడు. మంచిది కాదు. ఊపిరితిత్తులకి వెళ్లి తిరిగొచ్చే అదనపు రక్తం వల్లే అది ఉబ్బింది, ఇప్పుడు అంత రక్తం వెళ్లట్లేదు కాబట్టి తగ్గింది. ఎందుకు వెళ్లట్లేదంటే అవతలి నాళాలు మూసుకుపోవడం మొదలుపెట్టాయి. తొమ్మిది నెలలుగా ఒంటికి కొట్టాల్సిన ఒత్తిడి ఆ సున్నితమైన నాళాల మీద పడుతుంటే వాటి గోడల్లో కండరం మందమైంది, లోపలి పొర దళసరెక్కింది, దారి సన్నబడింది. ఊపిరితిత్తులకి వరద తగ్గింది, చెమట తగ్గింది, మర్మర్ తగ్గింది. తల్లికి బాగుపడటంగా కనిపించినవన్నీ జబ్బు ముదిరిన గుర్తులే.

ఈ మార్పుల్ని హీత్, ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1958లో ఆరు దశలుగా వర్గీకరించారు. మొదటి దశల్లో ఉండగా చిల్లు మూస్తే నాళాలు మళ్లీ దారిన పడతాయి, చివరి దశలకి వెళ్తే పడవు, రక్తం దారి తిరిగి చెడు రక్తమే ఒంట్లోకి వస్తుంది, బిడ్డ నీలంగా మారుతుంది. దాన్ని ఐజెన్‌మెంగర్ సిండ్రోమ్ అంటాం, 1897లో దాన్ని వర్ణించిన డాక్టర్ పేరు మీద. ఆ స్థితిలో చిల్లు మూస్తే ప్రాణానికే ముప్పు, ఎందుకంటే అప్పటికి కుడి జఠరిక ఊపిరి పీల్చుకునే కిటికీ ఆ చిల్లే. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఇది ఇంకా తొందరగా వస్తుంది. ఈ పాపకి అది లేదు, చూశాం.

మర్మర్ తగ్గితే రెండింటిలో ఒకటి జరుగుతూ ఉండొచ్చు. చిల్లు నిజంగా సన్నబడుతుంటే చప్పుడు పొట్టిగా, సన్నగా, ఈలలా అవుతుంది, రెండో చప్పుడు మామూలుగా ఉంటుంది, ఎకోలో వేగం పెరుగుతుంది. నాళాలు బిగుసుకుంటుంటే చప్పుడు మెత్తబడుతుంది, రెండో చప్పుడు గట్టిపడుతుంది, వేగం పడిపోతుంది, ఈసీజీలో కుడి జఠరిక బరువెక్కినట్టు కనిపిస్తుంది. మర్మర్‌ని ఒక్కదాన్నే వినే అలవాటుంటే ఈ తేడా తెలియదు.

అప్పుడిక తేల్చుకోవాల్సింది ఒకటే, ఇంకా టైం ఉందా లేదా. క్యాథ్ చేశాం, అంటే సన్నటి గొట్టం గుండెలోకి పంపి ఒత్తిళ్లు నేరుగా కొలిచాం. మామూలు గాలిలో ఊపిరితిత్తుల నాళాల నిరోధం 6.8 ఉడ్ యూనిట్లు, ఒంటి మీద విస్తీర్ణానికి సరిచూసిన లెక్క. 4 లోపు ఉంటే ధైర్యంగా మూసేస్తాం, 8 దాటితే సాధారణంగా మూయం, పాప ఆ రెండింటి మధ్యలో ఉంది. ఊపిరితిత్తులకి వెళ్లే రక్తం ఒంటికి వెళ్లేదానికి 1.6 రెట్లు. తర్వాత నూరు శాతం ఆక్సిజన్, దానితో పాటు ఊపిరితిత్తుల నాళాల్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు 20 పీపీఎం ఇచ్చి పది నిమిషాలు ఆగాం. ఆ పది నిమిషాలు గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మళ్లీ కొలిస్తే నిరోధం 3.5, ప్రవాహం 2.8 రెట్లు. నాళాలు ఇంకా మాట వింటున్నాయి. ఆయాసంతో ఉన్న మూడో నెలలో ఏ ఆక్సిజన్‌ని తగ్గించామో, తొమ్మిదో నెలలో అదే ఆక్సిజన్ ఇచ్చి ఆశ ఉందని తెలుసుకున్నాం.

ఆపరేషన్ ముందు రోజు తండ్రి రెండు ప్రశ్నలు రాసుకుని వచ్చాడు. ఒకటి, తొడ దగ్గర నుంచి తీగతో వెళ్లి బటన్ పెట్టి మూసే పద్ధతి ఉందట కదా, అది ఎందుకు వద్దు? ఉంది, నేనూ చేస్తాను, పై గదుల మధ్య చిల్లులకి అది చాలా బాగా పనిచేస్తుంది, కింది గదుల్లో కూడా కండరభాగం చిల్లులకీ, కాస్త పెద్ద పిల్లల్లో కొన్ని పెరిమెంబ్రేనస్ చిల్లులకీ పనికొస్తుంది. ఇక్కడ చిల్లు పెద్దది, బిడ్డ చిన్నది, బృహద్ధమని కవాటం ఆనుకుని ఉంది, పట్టు దొరకదు. పైగా గుండెకి కరెంటు తీసుకెళ్లే తీగలాంటి కణజాలం ఆ చిల్లు కింది అంచు వెంబడే పోతుంది, దాని మీద బటన్ ఒత్తిడి పడితే ఆ కరెంటు కిందికి అందక హార్ట్ బ్లాక్ రావచ్చు. సర్జరీలోనూ ఆ ప్రమాదం నూటికి ఒకటి రెండు ఉంటుందని దాచకుండా చెప్పాను.

రెండోది, గుండె ఆపేస్తే బిడ్డని ఎవరు బతికిస్తారు? ఆపరేషన్ సేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషీన్ గురించి చెప్తూ, ఈ చిల్లుని గుండె తెరిచి మూసే మొట్టమొదటి ఆపరేషన్ 1954లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లిల్లెహై చేసినప్పుడు మెషీన్ బదులు పిల్లాడి తండ్రినే పక్క బల్ల మీద పడుకోబెట్టి ఆయన రక్తప్రసరణతో కలిపారని చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇప్పుడు కూడా అలా కావాలంటే నేను రెడీ మేడమ్" అన్నాడు. అక్కర్లేదని చెప్పడానికి నాకే గొంతు పట్టేసింది.

సర్జన్ కుడి కర్ణిక (కుడివైపు పై గది) తెరిచి, దాని కింద ఉండే ట్రైకస్పిడ్ కవాటం గుండా చిల్లు చూసి, పాప గుండె పైపొర నుంచే తీసిన ముక్కతో ప్యాచ్ వేసి మూశారు. జఠరికని కోయాల్సిన పని లేదు. ఒక పని మాత్రం కావాలని చేశారు, పై గదుల మధ్య 3 మిల్లీమీటర్ల దారి ఒకటి వదిలారు. "ఒకటి మూసి ఇంకోటి వదిలేశారా?" అని తల్లి కంగారుపడింది. ఊపిరితిత్తుల ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే కుడివైపు గుండెకి తప్పించుకునే సందు అది, కాసేపు రీడింగ్ తగ్గుతుంది గానీ గుండె ఆగదు అని వివరించాను. నమ్మిందో లేదో తెలీదు, తలూపింది.

రెండో రోజు రాత్రి దాని అవసరం పడింది. శ్వాస గొట్టంలో కఫం తీస్తుండగా పాప కదిలింది, అంతే, ఊపిరితిత్తుల ఒత్తిడి ఒంటి బీపీని దాటేసింది, రీడింగ్ 72, బీపీ జారిపోతోంది. పల్మనరీ హైపర్‌టెన్సివ్ క్రైసిస్. కఫం తీయడం ఆపేసి నూరు శాతం ఆక్సిజన్, మత్తు పెంచడం, కండరాలు వదులు చేసే మందు, నైట్రిక్ ఆక్సైడ్. ఎనిమిది తొమ్మిది నిమిషాలకి దారిలోకి వచ్చింది. ఆ తర్వాత ప్రతిసారీ కఫం తీసే ముందు మత్తు ఇచ్చి, ఇద్దరు నర్సులు నిలబడి చేశారు, మళ్లీ రాలేదు. గుండె లయ ఒక రోజు తడబడింది, తాత్కాలిక పేసింగ్‌తో, అంటే బయటి నుంచి కరెంటు ఇచ్చి గుండెని నడిపిస్తూ గడిచింది, మూడో రోజుకి తనంతట తనే సర్దుకుంది. పదహారో రోజు ఊపిరితిత్తుల నాళాల్ని సడలించే సిల్డెనాఫిల్ మందు మీద ఇంటికి పంపాం. ఈసారి ఫోన్ చేసే బాధ్యత ఒక నర్సు పేరు మీద రాశాం, తేదీ దాటితే ఆవిడ నన్ను అడుగుతుంది.

ఆరు నెలలకి ఎకోలో కుడి జఠరిక ఒత్తిడి 32కి దిగింది, ప్యాచ్ పక్కన లీక్ లేదు, సిల్డెనాఫిల్ మెల్లగా తగ్గించి ఆపాం. పై గదుల మధ్య వదిలిన దారి 2 మిల్లీమీటర్లుంది, రక్తం ఎడమ నుంచి కుడికే పోతోంది. లీక్ లేదు కాబట్టి, గుండెకి ఇన్ఫెక్షన్ పాకకుండా దంతాల పనికి ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలన్న నియమం కూడా ఆరు నెలలతో అయిపోయింది, పళ్లు శుభ్రంగా తోమించమని మాత్రం చెప్పాను. ఏడాదికోసారి చూస్తాను, నాళాలు నిజంగా కుదుటపడ్డాయని చెప్పడానికి ఇంకా కొన్నేళ్లు కావాలి.

మొన్న పద్దెనిమిదో నెలలో వచ్చింది, 9.7 కిలోలు. నన్ను గుర్తుపట్టింది కాబోలు, స్టెతస్కోప్ చూడగానే గది అదిరిపోయేలా గుక్కపట్టి ఏడ్చింది. మర్మర్ ఏమీ వినే అవకాశం ఇవ్వలేదు. రీడింగ్ క్లిప్ మాత్రం కాలి బొటనవేలికి ఉంది, వాళ్లమ్మా నేనూ ఇద్దరం దాన్నే చూస్తున్నాం. 98, 97, 98.